కార్లో పిల్లలు: సీటు కొనడంతో పని అయిపోదు

"గట్టిగా పట్టుకుంటాలే, ఒళ్లోనే ఉంటాడు కదా" అనే మాట వినని వాళ్లు ఉండరేమో. పిల్లాడి మీద ప్రేమ గురించి ఎవరికీ అనుమానం లేదండి, అనుమానమంతా చేతుల్లో ఉన్న బలం గురించే. గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో వెళ్తున్న కారు గోడకో చెట్టుకో గుద్దుకుని ఆగిపోతే, లోపల బెల్టు లేకుండా కూర్చున్న మనిషికి అది దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల పైనుంచి కింద పడ్డంత దెబ్బ. ఆ క్షణంలో శరీరం మీద పడే బలం మామూలు బరువుకి 20, 30 రెట్లు ఉంటుంది, అంటే 10 కిలోల పిల్లాడు మీ చేతుల్లో 200 నుంచి 300 కిలోలు అయిపోతాడు. ఎంత వస్తాదు అయినా ఆపలేడు. పైగా మీకు బెల్టు లేకపోతే మీ బరువంతా వెళ్లి పిల్లాడి మీదే పడుతుంది. మరి ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటే అనుకుంటారు కొందరు, అది ఇంకా దారుణం, బెల్టుకీ మీకూ మధ్యలో పిల్లాడు నలిగిపోతాడు.

సరే, ఒళ్లో కాదు సీట్లోనే అని ఒప్పుకుని, కారు సీటు మీద బిగించే పిల్లల సీటు కొన్నారు. అక్కడితో అయిపోయింది అనుకునేవాళ్లే ఎక్కువ, కానీ నన్నడిగితే అసలు పని అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో శత్రువు ఒక్కటే, వదులు. గుద్దుకున్నప్పుడు కారు ముందు భాగం నలుగుతూ నలుగుతూ ఆగుతుంది, ఆ కొంచెం టైమే మనల్ని కాపాడేది, దాన్ని వాడుకోవాలంటే పిల్లాడు కారుతో పాటే ఆగడం మొదలుపెట్టాలి. సీటుకీ కారుకీ మధ్య వదులు ఉన్నా, పట్టీకీ పిల్లాడి ఒంటికీ మధ్య వదులు ఉన్నా కారు ఆల్రెడీ ఆగిపోతుంటే పిల్లాడు మాత్రం అదే స్పీడులో ముందుకి వెళ్తూనే ఉంటాడు, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టీకి తగులుతాడు. కింద చెప్పేవాటిలో సగం ఈ వదులు ఎక్కడెక్కడ దాక్కుంటుందో వెతికి తీసెయ్యడమే.

ముందు వెనక్కి తిప్పి కూర్చోబెట్టండి

చంటిపిల్లల సీటు ఎప్పుడూ కారు వెనక అద్దం వైపు చూసేలా ఉండాలి, అంటే పిల్లాడి వీపు కారు ముందు వైపుకి ఉండాలన్నమాట. పుట్టినప్పుడు తల ఒక్కటే మొత్తం పొడవులో పావు వంతు ఉంటుంది, ఆ తల మొయ్యాల్సిన మెడ ఎముకలేమో ఇంకా పూర్తిగా గట్టిపడవు, చాలా భాగం మెత్తటి మృదులాస్థే, అది ఎముకగా మారి అతుక్కోవడానికి మూడు నుంచి ఆరేళ్లు పడుతుంది. ముందుకి చూస్తూ కూర్చున్న పిల్లాడికి కారు సడన్‌గా ఆగితే ఒళ్లు పట్టీల దగ్గర ఆగుతుంది, తల మాత్రం ఆగదు, ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. అదే వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు డొప్పలోకి ఒత్తుకుంటాయి, దెబ్బ వీపంతా పంచుకుంటుంది. ఈ ఐడియా 1960ల్లో స్వీడన్‌కి చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే డాక్టర్ గారికి వచ్చింది, అంతరిక్షంలోకి వెళ్లే వ్యోమగాములు రాకెట్ తోపుడుకి వీపు ఆనించి పడుకోవడం చూసి, పిల్లలకి కూడా ఇలాగే ఉంటే బాగుంటుంది కదా అనుకున్నాడాయన. ఆ దేశంలో ఇప్పటికీ నాలుగేళ్ల దాకా పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం మామూలు విషయం.

ఎన్నాళ్లు అలా ఉంచాలి అంటే, పిల్లల కారు సీట్ల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన, ఐ-సైజ్ అని పిలిచే ఆర్129 రూల్, 2013లో వచ్చింది, దాని ప్రకారం కనీసం 15 నెలలు. అది కనీసం మాత్రమే. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2018లో ఇంకో మెట్టు ఎక్కి, వయసుతో సంబంధం లేకుండా మీ సీటు ఒప్పుకునే ఎత్తు, బరువు దాటేదాకా వెనక్కే ఉంచండి అని చెప్పింది. నేనూ అదే అంటాను. మొదటి పుట్టినరోజు అయ్యిందని సీటు ముందుకి తిప్పేసే తొందర చాలామందికి ఉంటుంది, అదేదో పిల్లాడు పెద్దాడు అయ్యాడనే గుర్తులాగ, కానీ తిప్పిన ప్రతిసారీ రక్షణ ఒక మెట్టు తగ్గుతుందే తప్ప పెరగదు, కాబట్టి ప్రమోషన్ ఎంత లేటయితే అంత మంచిది.

"కాళ్లు ముడుచుకుపోతున్నాయండి పాపం" అంటారు. పిల్లలకి కాళ్లు ముడుచుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చాలా హాయి, ఇంట్లో నేల మీద ఎలా కూర్చుంటారో ఒకసారి చూడండి. సీటు చిన్నదయ్యిందా లేదా అన్నది కాళ్లని బట్టి చూడరు, తలని బట్టి చూస్తారు, తల పైభాగం సీటు డొప్ప అంచుకి దగ్గరగా వచ్చేస్తే (చాలా సీట్లకి 2.5 సెంటీమీటర్ల లోపు అయితే) అప్పుడు తర్వాతి సైజుకి వెళ్లాలి. అసలు కొలత మీ సీటు మాన్యువల్‌లో ఉంటుంది, ఆ పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటు పారెయ్యకండి దయచేసి.

సీటు ఎంచుకునేటప్పుడు

దీని మీద పేజీలు పేజీలు రాయొచ్చు కానీ అంత అవసరం లేదు. సర్టిఫికేషన్ స్టిక్కర్ ఉన్న సీటు ఏదైనా ఒక కనీస క్రాష్ టెస్ట్ పాసయ్యే వస్తుంది, ఖరీదు ఎక్కువైతే రక్షణ కూడా ఎక్కువ అని రూలేం లేదు, ఖరీదులో చాలా భాగం గుడ్డకీ, చక్రాలకీ, సుళువుగా తిరిగే బేస్‌కీ పోతుంది. చూడాల్సినవి మూడు, మీ పిల్లాడి ఇప్పటి ఎత్తూ బరువుకి సరిపోవాలి, మీ కార్లో గట్టిగా కూర్చోవాలి, మీరు రోజూ తప్పుల్లేకుండా పెట్టగలిగేలా ఉండాలి. ఈ మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. ఇరవై లివర్లు ఉన్న సీటు కంటే మీ ఇంట్లో అందరికీ అర్థమయ్యే మామూలు సీటు నయం. కుదిరితే కొనే ముందే మీ కార్లో పెట్టి చూడండి, ఎందుకంటే కొన్ని కార్లలో వెనక సీటు వాలు, బకిల్ ఉన్న చోటు ఎలా ఉంటాయంటే కొన్ని సీట్లు ఎంత తంటాలు పడినా గట్టిగా కూర్చోవు.

సెకండ్ హ్యాండ్ సీటు విషయంలో ఒక్కటే మాట, ఆ సీటు చరిత్ర మొత్తం తెలిసిన వాళ్ల దగ్గరైతేనే తీసుకోండి. యాక్సిడెంట్‌లో ఉన్న సీటుకి బయటికి కనిపించని పగుళ్లు ఉండొచ్చు, మాన్యువల్ లేకపోవచ్చు, చిన్న భాగం ఏదో పోయి ఉండొచ్చు. ప్లాస్టిక్ ఎండకీ చలికీ పెళుసుబారుతుంది కాబట్టి సీట్లకి ఎక్స్‌పైరీ కూడా ఉంటుంది, మామూలుగా 6 నుంచి 10 ఏళ్లు, కింద వైపో వెనక వైపో తయారీ తేదీ అచ్చేసి ఉంటుంది, చూసుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో సీటు రిజిస్టర్ చేసుకుంటే ఏదైనా రీకాల్ వచ్చినప్పుడు, అంటే లోపం బయటపడి కంపెనీ ఆ సీట్లని వెనక్కి పిలిచినప్పుడు, మీకు కబురొస్తుంది, రెండు నిమిషాల పని.

ఎక్కడ పెట్టాలి

వెనక సీట్లో. 13 ఏళ్ల లోపు పిల్లలందరికీ వెనక సీటే. ముందు సీటు డాష్‌బోర్డ్‌లో ఉన్న ఎయిర్‌బ్యాగ్ పెద్దవాళ్ల సైజు చూసి చేసింది, కనురెప్ప వేసే లోపు గంటకి 300 కిలోమీటర్ల దాకా స్పీడుతో విచ్చుకుంటుంది. వెనక్కి తిరిగి ఉన్న చంటిపిల్లల సీటు ఆ ఎయిర్‌బ్యాగ్‌కి ఎదురుగా పెడితే అది నేరుగా పిల్లాడి తల వెనక ఉన్న డొప్పని కొడుతుంది, చిన్న గుద్దులోనే ప్రాణం పోవచ్చు. ఇందులో బేరాల్లేవు. వెనక సీటే లేని బండి అయితే ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ చేసే స్విచ్ ఉందా లేదా చూసి, ఆఫ్ అయినట్టు లైటు వెలిగిందని కళ్లారా చూసుకుని అప్పుడు పెట్టండి, అది లేకపోతే ఆ బండిలో చంటిపిల్లని తీసుకెళ్లకపోవడమే.

వెనక సీట్లో మధ్యలోనా పక్కకా అంటే, మధ్య సీటు పక్క డోర్లకి దూరం కాబట్టి పక్క నుంచి గుద్దే దెబ్బకి మంచిదే, కానీ చాలా కార్లలో మధ్యలో సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు (వీటి గురించి కింద చెప్తాను) ఉండవు, సీటు ఎత్తుగా గూనిలాగ ఉంటుంది, అక్కడ ఊగుతూ ఉండేకంటే పక్కన గట్టిగా కూర్చుంటేనే మేలు.

బిగించడం

చాలా ఇళ్లలో తేడా వచ్చేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. చదునుగా ఉన్న చోట కారు ఆపండి, పిల్లాడిని ఇంకెవరికైనా ఇచ్చి, ఒక అరగంట ఖాళీ చేసుకుని, రెండు మాన్యువల్స్ (కారుదీ, సీటుదీ) పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.

సీటు బిగించడానికి రెండు దారులు, ఒకటి ఐసోఫిక్స్, అంటే కారు వెనక సీటు మడతలో ఉండే రెండు ఇనుప కొక్కేలకి సీటు చేతులు క్లిక్‌మని తగిలించడం, రెండోది కారు సీట్ బెల్టే వాడటం. సరిగ్గా చేస్తే రెండూ ఒకటే, ఒకటి గొప్పా ఒకటి తక్కువా కాదు. ఐసోఫిక్స్‌లో తప్పు జరిగే చాన్స్ తక్కువ, కానీ దానికి బరువు లిమిట్ ఉంటుంది, ఐ-సైజ్‌లో పిల్లాడూ సీటూ కలిపి 33 కిలోలు, అమెరికా పద్ధతి సీట్లలో 29.5 కిలోల దగ్గర, అది దాటాక బెల్టుకి మారాలి. రెండూ కలిపి పెడితే డబుల్ సేఫ్టీ కదా అని అనిపిస్తుంది, అలా చెయ్యకండి, మాన్యువల్‌లో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప. రెండు రకాల లాగుడు ఒకేసారి పడితే డొప్ప ఎలా వంగుతుందో ఆ పద్ధతిలో టెస్ట్ చేసి ఉండరు.

బెల్టుతో అయితే ఆ బెల్టు సీటులో ఏ దారిలో వెళ్లాలో రంగు గుర్తులు ఉంటాయి, మామూలుగా వెనక్కి తిరిగే సీటుకి నీలం, ముందుకి చూసే సీటుకి ఎరుపు. రెండూ ఉన్న సీటు అయితే తప్పు దారిలో పెట్టేస్తారు, బయటినుంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది, అందుకే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. బెల్టు మెలిక పడకూడదు. బకిల్ పెట్టాక సీటులో మోకాలో చెయ్యో ఆనించి మీ బరువంతా వేసి కిందికి నొక్కుతూ రెండో చేత్తో బెల్టు లాగండి, లాగుతూ లాగుతూ ఇంక రాదు అన్నదాకా. కొన్ని కార్లలో బెల్టు మొత్తం చివరిదాకా బయటికి లాగి వదిలితే టిక్ టిక్‌మని శబ్దం చేస్తూ లోపలికి పోతుంది, ఇంక బయటికి రాదు, అది లాక్ అయినట్టు. అలా లాక్ కాని కార్లలో సీటుకే లాక్ క్లిప్ ఉంటుంది.

ఇప్పుడు టెస్టు. బెల్టు గానీ ఐసోఫిక్స్ గానీ వెళ్లే చోట సీటుని ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ ఊపండి. 2.5 సెంటీమీటర్లకి మించి కదలకూడదు. చాలామంది సీటు పైన తల దగ్గర పట్టుకుని ఊపి "అబ్బో ఊగుతోంది" అని భయపడతారు, వెనక్కి తిరిగే సీటు పైభాగం కొంచెం కదలడం మామూలే, చూడాల్సింది బెల్టు దారి దగ్గరే.

ముందుకి చూసే సీటు అయితే టాప్ టెదర్ అని పైనుంచి ఒక పట్టీ ఉంటుంది, కారు వెనక భాగంలోనో డిక్కీలోనో ఉండే కొక్కేనికి తగిలించాలి. సీటు దానంతట అదే నిలబడింది కదా అని దీన్ని వదిలేసేవాళ్లు ఎక్కువ, కానీ గుద్దుకున్నప్పుడు పిల్లాడి తల ముందుకి వెళ్లే దూరాన్ని ఇదే 10 నుంచి 15 సెంటీమీటర్లు తగ్గిస్తుంది. ముందు సీటు వెనక భాగానికి తల తగలడానికీ తగలకపోవడానికీ మధ్య ఉండే తేడా అంతే. డిక్కీలో సామాన్ల హుక్కుకి తగిలించకండి, అది వేరు, టెదర్ గుర్తు ఉన్నదానికే తగిలించాలి.

ప్రతిసారీ కూర్చోబెట్టేటప్పుడు

ముందు పిల్లాడి పిర్రలు సీటు మూలకంటా ఆనాలి. తర్వాత భుజం పట్టీలు ఏ ఎత్తులో బయటికి వస్తున్నాయో చూడండి, వెనక్కి తిరిగి కూర్చుంటే భుజాల దగ్గర గానీ కొంచెం కిందనుంచి గానీ రావాలి, ముందుకి చూస్తుంటే భుజాల దగ్గర గానీ కొంచెం పైనుంచి గానీ రావాలి. పిల్లలు ఎప్పుడు పెరిగిపోతారో మనకి తెలీదు, కాబట్టి నెలకోసారి చూసుకుంటే చాలు.

పట్టీ బిగించాక భుజం దగ్గర బొటనవేలూ చూపుడువేలుతో పట్టీని నిలువుగా గిల్లి చూడండి, మడత వేళ్లకి దొరికితే ఇంకా వదులే, వేళ్లు జారిపోతే సరిపోయింది. తుంటి దగ్గర వదులు ముందు పైకి లాగి, అప్పుడు కింద ఉన్న పట్టీ లాగితే బాగా బిగుస్తుంది. ఛాతీ దగ్గర క్లిప్ ఉన్న సీటు అయితే అది చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీదకి జారితే పట్టీలు భుజాల మీంచి జారిపోతాయి. గట్టిగా బిగిస్తే పాపకి నొప్పేస్తుందేమో అని వదులుగా వదిలేస్తారు, ముఖ్యంగా అమ్మమ్మలు, నానమ్మలు. పట్టీ ఒంటికి ఆని ఉండాలి, ఒత్తుకుపోకూడదు, అంతే, బిగువుగా ఉన్న పిల్లలే పక్కకి వాలిపోకుండా హాయిగా నిద్రపోతారు.

దళసరి జాకెట్లు, దూది కోట్లు సీట్లో వెయ్యకండి. అవి మెత్తగా ఉబ్బి ఉంటాయి, వాటి మీద పట్టీ బిగించినట్టే అనిపిస్తుంది, కానీ గుద్దుకున్నప్పుడు లోపలి గాలంతా పోయి అవి అణిగిపోతాయి, అప్పుడు అక్కడ నాలుగు వేళ్ల వదులు బయటపడుతుంది. నమ్మకం కుదరకపోతే కోటుతో పట్టీలు బిగించి, పట్టీలు కదపకుండా పిల్లాడిని బయటికి తీసి, కోటు విప్పి మళ్లీ కూర్చోబెట్టి చూడండి. చలిగా ఉంటే పల్చటి బట్టలు వేసి, పట్టీలు బిగించి, దుప్పటి పైనుంచి కప్పండి. బయట విడిగా అమ్మే మెత్తలు, పట్టీ కవర్లు, తల దిండ్లు కూడా ఇదే బాపతు, సీటుతో పాటు రానివి ఏవీ పిల్లాడి కిందా వెనకా పెట్టొద్దు.

అప్పుడే పుట్టినవాళ్లు

వీళ్ల విషయంలో గుద్దుకోవడం కంటే ముందు ఊపిరి గురించి ఆలోచించాలి. సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, ఆ చిన్న గొంతు గొట్టం మడతపడి ఊపిరి ఆడదు, ఏడుపు కూడా రాదు, నిద్రపోతున్నట్టే కనిపిస్తారు. అందుకే సీటుకి ఉన్న గీతో బుడగో చూసి వాలు పెట్టుకోండి, చాలా సీట్లకి ఇది దాదాపు 45 డిగ్రీలు. మొదటి వారాల్లో పెద్దవాళ్లు ఒకరు పక్కన కూర్చోవడం మంచిది. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువైనా డిశ్చార్జ్ అయ్యేముందు ఈ సీట్లో కూర్చోబెట్టొచ్చా అని డాక్టర్‌ని తప్పకుండా అడగండి, కొందరికి పడుకోబెట్టే రకం కావాల్సి వస్తుంది.

దూర ప్రయాణమైతే కనీసం రెండు గంటలకోసారి ఆపి, బయటికి తీసి, పాలు పట్టి, కాసేపు కాళ్లూ చేతులూ ఆడించనివ్వండి. ఇంటికొచ్చాక నిద్రపోతున్నాడు కదా లేపడం ఎందుకని సీటుతో సహా తెచ్చి హాల్లో పెట్టేస్తారు చూడండి, అది వద్దు. కారు బేస్‌లో ఉన్నప్పటి వాలు నేల మీద ఉండదు, పైగా మనం వేరే పనుల్లో పడిపోతాం. లేస్తే లేచాడు, తీసి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

బూస్టరూ, పెద్ద బెల్టూ

పట్టీల సీటు చాలక బూస్టర్‌కి వచ్చిన పిల్లల గురించి అందరూ కాస్త రిలాక్స్ అయిపోతారు, అదేంటో. బూస్టర్ పనల్లా పిల్లాడిని పైకి లేపి, పెద్దవాళ్ల కోసం చేసిన బెల్టు సరైన ఎముకల మీద పడేలా చెయ్యడమే. నడుము బెల్టు తొడల పైన, తుంటి ఎముక మీద పడాలి. అది పొట్ట మీదకి వస్తే గుద్దుకున్నప్పుడు పిల్లాడు బెల్టు కిందనుంచి జారిపోతాడు, లేదా బెల్టు పేగుల్నీ కాలేయాన్నీ నొక్కేస్తుంది, వెన్నెముక కూడా దెబ్బతింటుంది. భుజం బెల్టు మెడకీ భుజం చివరకీ మధ్యలో పడాలి. మెడకి రాసుకుంటోందని చంక కిందనుంచో వీపు వెనకనుంచో పెట్టేసుకుంటారు పిల్లలు, అప్పుడు పైభాగాన్ని ఆపేది ఏమీ ఉండదు, చంక కింద పెడితే ఆ బలమంతా పక్కటెముకల మీద. వీపు ఉన్న బూస్టర్ అయితే నిద్రపోయినప్పుడు తల పక్కకి పడకుండా ఉంటుంది, పక్క దెబ్బకి కూడా అడ్డం ఉంటుంది, కాబట్టి ఉత్త దిండు లాంటి దానికంటే అదే ముందు. ఎంత కాలం అంటే ఎత్తు 145, 150 సెంటీమీటర్లు వచ్చేదాకా, అంటే చాలామందికి 10 నుంచి 12 ఏళ్ల మధ్య.

బూస్టర్ తీసేయొచ్చో లేదో ఇలా చూడండి, ఉత్త కారు సీట్లో కూర్చోబెట్టినప్పుడు వీపు పూర్తిగా ఆనాలి, అలా ఆని ఉండగానే మోకాళ్లు సీటు అంచు దగ్గర మడత పడాలి, పాదాలు నేలకి ఆనాలి, నడుము బెల్టు తొడల మీద, భుజం బెల్టు భుజం మధ్యలో ఉండాలి, ఇవన్నీ దారి మొత్తం అలాగే ఉండాలి. ఈ చివరిదే అసలైనది. కూర్చున్న మొదటి నిమిషం అందరూ బుద్ధిగానే ఉంటారు, అరగంటకి జారిపోయి పాములాగ పడుకుంటే ఇంకా టైమ్ కాలేదన్నట్టే.

గోల చేసేవాళ్లు, విప్పేసుకునేవాళ్లు

ఏడుస్తున్నాడని కారు నడుస్తుండగా బయటికి తియ్యకండి, ఒక్కసారి తీస్తే ఏడిస్తే తీస్తారని వాడికి తెలిసిపోతుంది, ఆ తర్వాత మీ పని అంతే. పక్కకి ఆపండి, ఆకలో, డైపరో, ఎండ మొహం మీద పడుతుందో చూడండి, తీర్చి మళ్లీ కట్టి బయల్దేరండి. పట్టీలు విప్పుకోవడం నేర్చిన రెండేళ్లవాడికి లెక్చర్ ఇస్తే ప్రయోజనం లేదు, విప్పిన ప్రతిసారీ కారు ఆగుతుంది, కోపం లేదు, అరుపుల్లేవు, మళ్లీ పెట్టేదాకా కదలదు, నాలుగైదు ట్రిప్పులు లేట్ అవుతాయి, తర్వాత దారికొస్తారు. మీరు బెల్టు పెట్టుకోకుండా వాళ్లకి పెడితే మాత్రం ఏ ట్రిక్కూ పనిచెయ్యదు. వెనక కూర్చున్న పెద్దవాళ్లూ పెట్టుకోవాలి, ఎందుకంటే బెల్టు లేని మనిషి గుద్దుకున్నప్పుడు ఎగిరి పక్కనున్న పిల్లల మీద పడతాడు.

చుట్టాల కార్లు, క్యాబ్‌లు, ఒక కార్లో ఎనిమిది మంది సర్దుకోవడం, వీటి దగ్గరే రూల్స్ అన్నీ ఎగిరిపోతాయి. "ఇక్కడికే కదా, ఐదు నిమిషాలే కదా" అంటారు. ఇంటి చుట్టుపక్కల రోడ్ల మీదే మనం ఎక్కువసార్లు తిరుగుతాం, కాబట్టి ఆ ఐదు నిమిషాలనే లెక్కలోకి తీసుకోవాలి. ఒక బెల్టుకి ఒక్కరే, ఇద్దరు పిల్లల్ని కలిపి కడితే తలలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. వేరే కారులో వెళ్లాల్సి వస్తే సీటు మార్చి పెట్టడానికి ముందే టైమ్ వేసుకోండి, తేలికైన మడత బూస్టర్ ఉంటే పెద్ద పిల్లలకి చాలా కలిసొస్తుంది. తాతయ్య తీసుకెళ్తున్నారంటే ఫోన్లో చెప్పడం కాదు, ఆయన చేత ఒకసారి పట్టీ పెట్టించి, గిల్లి చూడమని చూపించండి, పెద్దవాళ్లకి చెబితే చిన్నబుచ్చుకుంటారు గానీ చేత్తో చేయిస్తే ఇష్టంగా నేర్చుకుంటారు.

ఇంకొన్ని టకటకా చెప్పేస్తాను. వెనక డోర్ల పక్కన, డోరు తెరిస్తే అంచు మీద ఉండే చిన్న లివరే చైల్డ్ లాక్, దాన్ని వేసేసి లోపలినుంచి తెరిచి చూడండి, తెరుచుకోకూడదు. డ్రైవర్ దగ్గర కిటికీల లాక్ బటన్ ఉంటుంది, నొక్కే ఉంచండి, పవర్ విండో చిన్న మెడని వేళ్లని ఆగకుండా నొక్కేయగలదు. సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టి తీసుకెళ్లడం గురించి ఏం చెప్పను, చిన్న బ్రేక్ చాలు. వెనక అద్దం దగ్గర పెట్టిన గొడుగు, స్టీల్ సీసా, ల్యాప్‌టాప్ ఇవన్నీ గుద్దుకున్నప్పుడు రాళ్లలా ముందుకి వస్తాయి, డిక్కీలో పెట్టండి, ఆడుకోవడానికి గుడ్డ బొమ్మలు ఇవ్వండి. వాడని సీట్ బెల్టు పిల్లాడికి అందే దూరంలో ఉంటే మెడకి చుట్టుకుని లాగితే అది లాక్ అయ్యి బిగుసుకుంటూ పోతుంది తప్ప వదలదు, అందుకని ఖాళీ బెల్టులు కూడా బకిల్‌లో పెట్టెయ్యండి. ఇక దింపేటప్పుడు రోడ్డు వైపు డోరు కాదు, ఫుట్‌పాత్ వైపు డోరే.

కారు ఆగి ఉన్నప్పుడు

ఆగి ఉన్న కారు మీద ఎవరికీ భయం ఉండదు, కానీ ఎండలో నిలిపిన కారు లోపల పదే పది నిమిషాల్లో 10 డిగ్రీల దాకా పెరుగుతుంది. ఒక ప్రయోగంలో బయట 22 డిగ్రీలు ఉన్న రోజునే గంటలో లోపల 47కి చేరింది, ఆ పెరుగుదలలో 80 శాతం దాకా మొదటి అరగంటలోనే వస్తుంది. కిటికీ రెండు వేళ్లు దించి పెడితే ఏం పెద్ద తేడా ఉండదు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే మూడు నుంచి ఐదు రెట్లు తొందరగా వేడెక్కుతుంది, 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ, 42 దగ్గరికొస్తే ప్రాణాపాయం. కాబట్టి "ఇలా వెళ్లి అలా వచ్చేస్తా" అనేది ఎంత చిన్న పనైనా సరే, పిల్లాడు మీతోనే దిగాలి. ఏసీ వేసి వదిలెయ్యడం కూడా వద్దు, ఇంజిన్ ఆగిపోవచ్చు, గేర్ లాగేయొచ్చు, కారే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు.

కావాలని వదిలేసేవాళ్ల కంటే మర్చిపోయేవాళ్ల సంగతి ఇంకా కష్టం. వినగానే "ఎవరైనా కన్నబిడ్డని మర్చిపోతారా" అనేస్తాం. మెదడు పనితీరే అంత, రోజూ వెళ్లే దారిలో చేతులు వాటంతట అవే నడిపేస్తుంటాయి, ఆ రోజు మాత్రం రొటీన్ మారి పిల్లని దింపాల్సిన బాధ్యత మామూలుగా దింపని మనిషికి వస్తుంది, రాత్రి సరిగ్గా నిద్ర ఉండదు, పాప వెనక నిద్రపోతూ సడి చెయ్యదు, వెనక్కి తిరిగిన సీటు ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ముందునుంచి ఒకేలా కనిపిస్తుంది. శ్రద్ధ ఉన్నవాళ్లకి జరగదు అనుకోవడమే తప్పు, కాబట్టి శ్రద్ధ మీద వదిలెయ్యకుండా ఏర్పాటు చేసుకోండి. మీ ఫోనో, బ్యాగో, ఆఫీసు ఐడీ కార్డో, అది లేకుండా మీరు ముందుకి కదల్లేని వస్తువేదో ఒకటి ప్రతి ట్రిప్పులో వెనక సీట్లో పిల్లాడి పక్కన పెట్టండి, పిల్లాడు లేని రోజు కూడా, అలవాటు అవ్వాలి కదా. దిగాక వెనక డోరు తెరిచి చూసి గానీ లాక్ చెయ్యొద్దు. బడివాళ్లతోనో డేకేర్ వాళ్లతోనో మాట్లాడుకోండి, పిల్లాడు రావాల్సిన టైమ్‌కి రాకపోతే వెంటనే ఇద్దరికీ ఫోన్ చెయ్యమని.

ఇంట్లో నిలిపిన కారు కూడా లాక్ చేసే ఉంచాలి, తాళాలు పిల్లలకి అందకూడదు, ఆటల్లో ఎక్కి డోర్లు వేసుకుని బయటికి రాలేకపోతారు, డిక్కీలోకి కూడా దూరతారు. పిల్లాడు కనబడకపోతే బావి, నీళ్ల తొట్టి, దాని తర్వాత వెంటనే కారు, డిక్కీ చూడండి. వేరేవాళ్ల కార్లో ఒంటరిగా ఉన్న పిల్లాడు చెమటలు పట్టి, సోలిపోతూ కనిపిస్తే ఓనర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి, ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, పక్కవాళ్లని పిలిచి, పిల్లాడికి దూరంగా ఉన్న అద్దం పగలగొట్టి అయినా బయటికి తియ్యండి, నీడలోకి తెచ్చి నీళ్లతో ఒళ్లు తడిపి గాలి తగలనివ్వండి. కారు వెనక్కి తీసేటప్పుడు కెమెరా ఉన్నా సరే ఒకసారి దిగి చుట్టూ తిరిగి చూడండి, "నాన్న వెళ్తున్నాడు" అని పరుగెత్తుకొచ్చే రెండేళ్ల పిల్ల కెమెరాకి కనబడకుండా పక్కనే ఉండొచ్చు. ఇంట్లో ఎవరైనా ఒకరు పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డాకే కారు కదపడం అలవాటు చేసుకోండి.

సీటు సంరక్షణ

పట్టీల మీద వాంతి చేసుకున్నా, పాలు ఒలికినా వాషింగ్ మెషీన్‌లో వెయ్యకండి, బ్లీచ్ వాడకండి, నారలు బలహీనమవుతాయి, తడిగుడ్డతో కొంచెం తేలికపాటి సబ్బుతో తుడిచి నీడలో ఆరనివ్వండి. బకిల్ క్లిక్ అనట్లేదంటే లోపల తిండి ముక్కలు ఇరుక్కున్నట్టే, ఎలా కడగాలో మాన్యువల్‌లో ఉంటుంది, నూనె మాత్రం వెయ్యొద్దు. గుడ్డ కవర్ ఉతకడానికి తీసేముందు పట్టీలు ఎలా వెళ్తున్నాయో ఫోన్లో ఫోటోలు తీసుకోండి, మళ్లీ పెట్టేటప్పుడు మీకే థాంక్స్ చెప్పుకుంటారు.

గట్టి యాక్సిడెంట్ అయితే పిల్లాడు అందులో లేకపోయినా సీటు మార్చెయ్యాలి, చిన్న గీత పడ్డ గుద్దులకి ఏం చెయ్యాలో కంపెనీని బట్టి ఉంటుంది, కొన్ని కంపెనీలు ఎంత చిన్నదైనా మార్చమంటాయి. అలా తీసేసిన సీటుని, ఎక్స్‌పైరీ అయినదాన్ని అలాగే బయట పెట్టెయ్యకండి, ఎవరో పాపం బాగుంది కదా అని తీసుకెళ్లి వాళ్ల పిల్లాడిని కూర్చోబెడతారు, కత్తెరతో పట్టీలు కోసేసి, డొప్ప మీద మార్కర్‌తో వాడొద్దు అని పెద్దగా రాసి అప్పుడు పారెయ్యండి.